జకార్డు అట్టల నుండి మందుల పరిశోధన దాకా

(ఉగాది ఉత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఉగాది సభలో మాట్లాడమని సంఘము వారు జాబు వ్రాసినప్పుడు నేను కొంత వెనుకాడినాను. పండుగ పూట రోగాలు, మందులు అన్న మాటలు ఎత్తవచ్చునా అని సందేహము కలిగినది. కాని ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఉన్నది కదా! సంవత్సరములో నోట పెట్టే మొదటి ముద్దలోనే మన పెద్దలు మందు కలిపి పెట్టినారు. ఆ ధైర్యముతో మీ ముందు నిలిచినాను.

నేను పరాయివాణ్ణి కాను. ఈ షోలాపూరు పేటలలో పుట్టి పెరిగినవాణ్ణే. మా నాయన ఒక వారము పగటి పాళీ, ఒక వారము రాత్రి పాళీగా సాంచెల మీద పనిచేసినాడు. మా అమ్మ ఇంటి గడపలో కూర్చొని బీడీలు చుట్టినది. సాంచెల చప్పుడు ఆగితే నిద్ర పట్టని ఇండ్లు మనవి. నేను రసాయన శాస్త్రము చదువుకొని, హైదరాబాదు చేరి, మందుల పరిశోధనలో ఇరువది ఐదేళ్లు గడిపినాను. ఆ పనిలో ఇప్పుడొక పెద్ద మార్పు వచ్చినది. దాని సంగతి మీకు చెప్పి, అందులో మనకు ఒరిగేదేమిటో, పోయేదేమిటో విచారించవలెనని నా కోరిక.

ఇందాక పంతులుగారు పంచాంగ శ్రవణము చేసినారు. ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని అందరమూ చెవి ఒగ్గి విన్నాము. రేపు ఏమగునో తెలుసుకోవలెనన్న కోరిక మనిషికి సహజము. ఇప్పుడు వచ్చిన కొత్త యంత్రము కూడ రేపటి మాటే చెప్పుతానంటున్నది. అయితే అది గ్రహాలను చూడదు, గడిచిపోయిన లెక్కలను చూచును. లక్షమంది రోగుల కథ దానికి చూపితే, లక్షా ఒకటవ రోగి గతి ఎట్లుండునో ఊహించి చెప్పును. ఆ లెక్కల రాశిని బిగ్ డేటా అంటున్నారు. ఆ ఊహించే నేర్పును కృత్రిమ మేధ అంటున్నారు.

పేర్లు కొత్తవే గాని సంగతి మనకు కొత్తది కాదు. ఒక సేటు దుకాణములో నలభై ఏండ్ల ఖాతా పుస్తకాలు ఉన్నవనుకోండి. అక్కడ ఒక ముసలి గుమాస్తా ఉన్నాడు. దీపావళి ముందు ఏ రంగు చాదరు ఏ ఊరికి పోవునో అతడు ఇట్టే చెప్పును. ఎట్లు తెలిసినదయ్యా అని అడిగితే అతడు సూత్రమేదీ చెప్పలేడు. నలభై ఏండ్ల ఖాతా అతని తలలో ఇంకిపోయినది, అంతే. కోటి పుటల ఖాతాను నాలుగు దినాలలో చదివి, అలసిపోని గుమాస్తా ఒకడు దొరికినాడనుకోండి. అదే ఈ యంత్రము.

ఇంకొక మాట. ఈ కంప్యూటరుకు పుట్టిల్లు నేతగాని ఇల్లే అని చెప్పితే మీరు ఆశ్చర్యపడవచ్చును. మన చాదరు మీద నెమలి ఎట్లు పడుతున్నది? మగ్గం మీద జకార్డు పెట్టె ఉన్నది. దానికి అట్టల దండ ఉన్నది. అట్టకు రంధ్రమున్న చోట సూది దూరిపోవును, కొక్కెము లేచి పడుగు పోగును పైకెత్తును. రంధ్రము లేని చోట సూది వెనుకకు తగ్గును, పోగు లేవదు. రంధ్రమున్నది, రంధ్రము లేదు అను ఈ రెండు మాటలతోనే నెమలి అంతా వ్రాసి ఉన్నది. ఫ్రాన్సు దేశములో లియాన్ పట్టణానికి చెందిన జోసెఫ్ మారీ జకార్డ్ అను నేతగాని కొడుకు, తన ముందటివారు మొదలుపెట్టిన పనిని బాగుచేసి, 1804 ప్రాంతమున ఈ పరికరమును లోకమునకు ఇచ్చినాడు.

తరువాత 1830ల దశకములో ఇంగ్లాండులో చార్లెస్ బాబేజి అను గణితవేత్త లెక్కలు చేసే యంత్రమునకు రూపకల్పన చేస్తూ, దానికి ఆజ్ఞలిచ్చుటకు ఈ అట్టలనే ఎన్నుకొన్నాడు. ఆయన ఇంటిలో జకార్డు చిత్రపటము ఒకటి ఉండేది. అది గీసినది కాదు, అచ్చువేసినదీ కాదు, పట్టుతో నేసినది. దానిని నేయుటకు సుమారు 24,000 అట్టలు పట్టినవి. అమెరికాలో 1890 జనాభా లెక్కలను హెర్మన్ హోలరిత్ రంధ్రాల కార్డుల మీదనే లెక్కకట్టినాడు. ఆనాటి రంధ్రమే నేటి కంప్యూటరులో ఒకటి, సున్న. కాబట్టి ఈ యంత్రమును చూచి మనము బెదరవలసిన పని లేదు. అది మన దాయాది.

అయితే ఒక భేదమున్నది. జకార్డుకు అట్టలను డిజైను మాస్టరు కొట్టి ఇవ్వవలెను. ఆయన కొట్టని పువ్వు చాదరు మీద పూయదు. కొత్త యంత్రమునకు అట్టలు కొట్టి ఇవ్వరు. వేలకొలది చాదర్లు ముందు పరిచి, ఇది నెమలి, ఇది నెమలి కాదు అని చూపుతారు. అది మొదట తప్పులు చెప్పును. తప్పినప్పుడల్లా లోపలి లెక్కను కొంచెము సవరించుకొనును. లక్షసార్లు సవరించుకొన్న తరువాత, ఎన్నడూ చూడని చాదరును ముందు పెట్టినా నెమలిని గుర్తించును. తన అట్టలను తానే కొట్టుకొన్నదన్న మాట. దాని బలమంతా ఇక్కడే ఉన్నది, దాని గండము కూడ ఇక్కడే ఉన్నది. ఏ చాదర్లు చూపితే ఆ విద్యే దానికి అబ్బును. ఈ మాటను గుర్తుంచుకోండి, మరల దీని దగ్గరకు వస్తాను.

ఇక మందుల సంగతి. మందును కనిపెట్టడమంటే ఏమిటో తెలుసుకొనుటకు మన తెలుగువాని కథ ఒకటి చాలును. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరములో పుట్టినారు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అను జిగట విరేచనాల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయినారు. వైద్యము చదివి, 1922లో అమెరికాలోని బోస్టను చేరి, ఆసుపత్రులలో చిన్న పనులు చేసుకొంటూ హార్వర్డులో పరిశోధన సాగించినారు. 1940లో లెడర్లే అను మందుల కంపెనీలో చేరి, అక్కడి పరిశోధన అంతటికీ నాయకులైనారు. ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారు చేసినది. తన తోబుట్టువులను మింగిన జబ్బులో వచ్చే రక్తహీనతకు పనికివచ్చే మందు అది. ఫైలేరియా మందు హెట్రజాన్ ఆ బృందము పని. పిల్లల రక్తపు కేన్సరుకు డాక్టరు సిడ్నీ ఫార్బరు 1947లో వాడి చూచిన అమినోప్టెరిన్ ఆ బృందము పని. దాని తోడబుట్టిన మెథోట్రెక్సేటును ఈనాటికీ కేన్సరుకు, కీళ్లవాతమునకు ఇస్తున్నారు.

ఆరియోమైసిన్ ఎట్లు దొరికినదో వినండి. బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు సుబ్బారావుగారి ఆధ్వర్యమున ఊరూరి మట్టి తెప్పించినాడు. ఒక్కొక్క మట్టిలో ఉన్న సూక్ష్మజీవులను పెంచి, అవి రోగక్రిములను చంపునా లేదా అని ఒక్కొక్కటిగా పరీక్షించినాడు. చివరకు మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలము నుండి వచ్చిన మట్టిలో అది దొరికినది. 1948లో ఆ మందు లోకమునకు తెలిసినది. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావుగారు 53 ఏండ్ల వయసున కన్నుమూసినారు.

అప్పటి నుండి మా పద్ధతి ఇంచుమించు అదే. ఒక తాళము, పది లక్షల తాళపుచెవులు. ఒక్కొక్కటి పెట్టి తిప్పి చూడవలెను. తాళము పట్టినట్లు కనబడిన చెవి కూడ జంతువులలో, తరువాత మనుష్యులలో మూడు దశల పరీక్షలు దాటవలెను. మనుష్యుల దాకా వచ్చిన పదింటిలో సుమారు తొమ్మిది అక్కడే ఓడిపోవును. ఒక మందు దుకాణము చేరుటకు పది, పదిహేనేండ్లు పట్టును. నేను పనిచేసిన ఇరువది ఐదేళ్లలో నా చేతి మీదుగా వందలకొలది పదార్థాలు పోయినవి. వాటిలో మందుగా రోగి నోటికి చేరినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చును.

ఇక్కడ యంత్రము ఏమి చేసినదో ఒక దృష్టాంతము చెప్పుతాను. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జేమ్స్ కాలిన్సు, రెజీనా బార్జిలే అనువారి బృందము, 2,335 పదార్థాలను తీసుకొని, ఏది ఈ.కోలై అను క్రిమిని అణచును, ఏది అణచదు అను లెక్కను యంత్రమునకు నేర్పినది. తరువాత సుమారు 6,000 పదార్థాల జాబితాను దాని ముందు పెట్టినది. యంత్రము ఎన్నిన వాటిలో 99 పదార్థాలను ప్రయోగశాలలో పరీక్షింపగా, 51 నిజముగానే క్రిమిని అణచినవి. వాటిలో ఒకటి, పూర్వము చక్కెర వ్యాధికి పనికివచ్చునేమో అని పరీక్షించి పక్కన పెట్టినది. దానికి హాలిసిన్ అని పేరు పెట్టినారు. అది ఇతర మందులకు లొంగని క్రిములను కూడ ప్రయోగశాలలో చంపినది, క్షయ క్రిమి కూడ అందులో ఉన్నది. 2020లో ఈ సంగతి ప్రకటించినారు. ఆ పిమ్మట అదే యంత్రము చేత పది కోట్లకు పైగా పదార్థాలను కొన్ని దినాలలో వడపోయించినారు. డగ్గరుగారు మట్టి మూటలతో అన్ని పదార్థాలు చూడవలెనంటే ఎన్ని జన్మలు కావలెనో మీరే లెక్కకట్టండి.

రెండవ దృష్టాంతము తాళమును గూర్చినది. మన దేహములో ప్రోటీనులు ఉన్నవి. ఒక్కొక్కటి ఇరువది రకాల పూసలను వరుసగా గుచ్చిన దండ వంటిది. దండ దండగా ఉంటే పనిచేయదు, ముడుచుకొని ఒక ఆకారము పొందవలెను. ఆ ఆకారమే తాళము. పూసల వరుస తెలిసినా ముడి ఎట్లు పడునో చెప్పుట యాభై ఏండ్లుగా ఎవరికీ సాధ్యము కాలేదు. ఒక్కొక్క ఆకారమునకు ప్రయోగశాలలో నెలలు, ఏండ్లు పట్టేది. 2020లో ఆల్ఫాఫోల్డ్ అను యంత్రమేధ ఆ చిక్కును చాలావరకు విప్పినది. 2022 నాటికి ఇరువది కోట్లకు పైగా ప్రోటీనుల ఆకారాలను అంచనా కట్టి అందరికీ ఉచితముగా చూపినారు. దానిని చేసిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్ అనువారికి, కొత్త ప్రోటీనులను రూపొందించిన డేవిడ్ బేకరుతో కలిపి, 2024లో రసాయన శాస్త్రపు నోబెలు బహుమానము వచ్చినది.

అయితే ఒక మాట మరువరాదు. ఆల్ఫాఫోల్డ్ ఆకాశము నుండి ఊడిపడలేదు. 1971 నుండి లోకములోని శాస్త్రజ్ఞులు తాము కనుగొన్న ప్రతి ఆకారమును ఒక బహిరంగ భాండారములో జమచేస్తూ వచ్చినారు. ఆ లక్షన్నరకు పైబడిన ఆకారాలే యంత్రమునకు ఓనమాలు. పేరు పది మందికి వచ్చినది, చాకిరీ వేలమంది చేసినారు. చాదరు మీద సేటు ముద్రే కనబడును గాని నేసినవాని పేరు కనబడదు కదా! ఇదీ అంతే.

మరి ఇన్ని ఉండగా యంత్రము కనిపెట్టిన మందు ఏదీ అని మీరు అడుగవలెను. అడగడము న్యాయము. 2020లో యంత్రము సాయముతో రూపొందిన ఒక మందు మనుష్యుల పరీక్షకు వచ్చినదని పత్రికలన్నీ వ్రాసినవి. అది మొదటి మెట్టు మీదనే నిలిచిపోయినది. ఊపిరితిత్తులు కారణము తెలియకుండ గట్టిపడే జబ్బుకు రెంటోసెర్టిబ్ అను మందును యంత్రమేధతో రూపొందించి, చైనాలో 71 మంది రోగుల మీద 12 వారాలు పరీక్షించి, ఆశ కలిగించే ఫలితాలు వచ్చినవని 2025లో ప్రకటించినారు. అది చిన్న పరీక్ష, పెద్దవి ఇంక జరుగవలెను. మొదటి నుండి చివరి దాకా యంత్రమే రూపొందించి, అన్ని పరీక్షలూ దాటి దుకాణానికి వచ్చిన మందు 2025 నాటికి లేదు. తాళపుచెవులను వెదకే పని తగ్గినది నిజము. మనిషి దేహములో ఆ మందు ఏమి చేయునో చూచే పని తగ్గలేదు. కంప్యూటరు మందులు అని ఎవరైన ఇంటికి వచ్చి అమ్మజూపితే నమ్మకండి.

ఇప్పుడు మన పేటకు వస్తాను.

మందుల పరిశోధన కంటె ముందుగా ఈ యంత్రము మన గడపకు వచ్చేది ఎక్స్-రే రూపమున. లోకములోని క్షయ రోగులలో సుమారు నాలుగవ వంతు మన దేశములోనే ఉన్నారు. దుమ్ము పీల్చేవారికి, పొగాకు మధ్య బ్రతికేవారికి, ఒక గదిలో పది మంది నిద్రించేవారికి దాని భయము మరింత ఎక్కువ. మన బ్రతుకులు ఎటువంటివో నేను చెప్పనక్కరలేదు. ప్రభుత్వము వారు 2019 నుండి 2021 వరకు దేశమంతట క్షయ సర్వే చేసినారు. జబ్బు లక్షణాలు ఉన్నవారిలో నూటికి 64 మంది ఏ వైద్యుని దగ్గరకూ పోలేదని అందులో తేలినది. ఎక్స్-రే తీయక లక్షణాలను మాత్రమే అడిగి ఉంటే, దొరికిన రోగులలో నూటికి 42 మందికి పైగా తప్పిపోయేవారని కూడ తేలినది.

ఎక్స్-రే తీయవచ్చును, చదివే డాక్టరు ఏడి? ఇక్కడ యంత్రము ఉపయోగపడుతున్నది. ఊపిరితిత్తుల ఛాయలను లక్షలకొలది చూచి నేర్చుకొన్న యంత్రము, కొత్త ఛాయను చూచి, ఇందులో క్షయ ఉండే అవకాశము ఇంత అని ఒక అంకె వేయును. ఈ పనికి బొంబాయిలోనే 2016లో క్యూర్ డాట్ ఏఐ అను సంస్థ పుట్టినది. పదిహేనేండ్లు దాటినవారి విషయములో ఇటువంటి యంత్రాలను డాక్టరుకు బదులుగా ఛాయను చదువుటకు వాడవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సమ్మతించినది. 2024 డిసెంబరులో మన దేశములో మొదలైన నూరు దినాల క్షయ కార్యక్రమములో చేతితో మోసుకుపోయే ఎక్స్-రే పెట్టెలతో పాటు ఈ యంత్రమేధను కూడ ఊళ్లకు పంపినారు.

యంత్రము అంకె వేసినంత మాత్రాన రోగము ఖాయము కాదు. కళ్లె తీసి, ట్రూనాట్ గాని సీబీనాట్ గాని పరీక్ష చేసి తేల్చవలెను. పెద్ద అంకె వచ్చినదని బెదరకండి, చిన్న అంకె వచ్చినదని దగ్గుతూ ఇంట కూర్చోకండి. యంత్రము జల్లెడ వంటిది. జల్లెడ పట్టిన తరువాత బియ్యము చేత్తో ఏరవలసిందే.

కంటి వైద్యములో కూడ ఈ యంత్రము వచ్చినది. చక్కెర వ్యాధి వలన కంటి వెనుక పొర చెడుటను గుర్తించే యంత్రమును గూగుల్ శాస్త్రజ్ఞులు 1,28,175 ఛాయాచిత్రాలతో నేర్పి 2016లో ప్రకటించినారు. ఆ చిత్రాలలో కొన్ని మన దేశపు కంటి ఆసుపత్రులవే. ప్రయోగశాలలో అది వైద్యులతో సమానముగా చెప్పినది. తరువాత అదే యంత్రమును థాయిలాండులో 11 ఆరోగ్య కేంద్రాలలో పెట్టినారు. అక్కడ గది చీకటి సరిగా లేక, ఫోటో మసక పడి, ఇరువది శాతమునకు పైగా చిత్రాలను యంత్రము చదువనని త్రోసివేసినది. బిడ్డలను వదలి, కూలి మానుకొని వచ్చిన తల్లులు మరల రండి అనిపించుకొని పోయినారు. యంత్రము ఎంత గొప్పదైనా అది నిలిచేది మన నేల మీదనే. కరెంటు, వెలుతురు, గది, ఓపికగల నర్సమ్మ, ఇవి లేకపోతే అది అలంకారమే.

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వస్తున్నాను. ఏ చాదర్లు చూపితే ఆ విద్యే యంత్రమునకు అబ్బునన్నాను. మా ఇంటి సంగతి ఒకటి చెప్పుతాను, మన్నించండి.

మా అమ్మ ఎనిమిది నెలలు దగ్గినది. బీడీలు చుట్టేవారికి దగ్గు మామూలే అని ఆమె, ఇంటి పక్క సాంచెల దుమ్ము అని మా నాయన సరిపెట్టుకొన్నారు. దవాఖానకు పోతే ఆనాటి వేయి బీడీల కూలి పోవును, అదీ అసలు కారణము. చివరకు ఒకనాడు పోయినది. అక్కడ వ్రాసుకొనే ఆయనకు తెలుగు రాదు. మా అమ్మకు మరాఠీ బజారు మట్టుకే వచ్చును. "పానం మంచిగ లేదు, నాలుగడుగులు వేస్తే దమ్మొస్తున్నది" అని ఆమె తన భాషలో చెప్పినది. ఆయన చీటీ మీద ఒక్క మాట వ్రాసినాడు, బలహీనత అని. టానిక్కు సీసా ఇచ్చి పంపినారు. ఎక్స్-రే తీసేసరికి మరి నాలుగు నెలలు పట్టినది. క్షయ అని తేలినది. మందులు తిన్నది, బ్రతికినది. కాని అప్పటికే ఒక వైపు ఊపిరితిత్తి చాలా చెడిపోయినది. ఆ తరువాత ఆమె మా మేడ మెట్లు ఎక్కలేదు.

ఆ దినమున వ్రాసిన ఆయనను నేను తప్పు పట్టను. వరుసలో ఇంక నూరు మంది నిలిచి ఉన్నారు. కాని ఒక్క సంగతి ఆలోచించండి. ఆ దవాఖాన ఖాతాలో మా అమ్మ ఈనాటికీ బలహీనతగానే ఉన్నది. దగ్గు లేదు, దమ్ము లేదు, బీడీ లేదు. అంతకు ముందు ఎనిమిది నెలలు ఆమె ఏ ఖాతాలోనూ లేనే లేదు. రేపు ఒక యంత్రము ఆ ఖాతాను చదివి వైద్యము నేర్చుకొంటే ఏమి నేర్చును? ఇటువంటి స్త్రీకి టానిక్కు చాలునని నేర్చును. ఇటువంటి పేటలో జబ్బులు తక్కువ అని నేర్చును. యంత్రము అబద్ధము చెప్పదు, ఖాతా చెప్పిన అబద్ధమును నిజమని నమ్మి, గట్టి గొంతుతో చెప్పును.

ఇది నా ఊహ కాదు. అమెరికాలో ఇటువంటిది నిజముగా జరిగినది. ఏ రోగులకు ఎక్కువ శ్రద్ధ అవసరమో ఎంచుటకు అక్కడి ఆసుపత్రులు ఒక లెక్కల యంత్రమును వాడినవి. జబ్బు ఎంత ఉన్నదని కాక, పూర్వము వైద్యమునకు ఎంత ఖర్చయినదని అది చూచేది. నల్లజాతి పేదలకు వైద్యము అందేదే తక్కువ కనుక ఖర్చు తక్కువ. ఖర్చు తక్కువ కనుక వారు ఆరోగ్యవంతులని యంత్రము తేల్చినది. 2019లో పరిశోధకులు దీనిని బయటపెట్టినారు. ఆ లోపమును సవరిస్తే, అదనపు శ్రద్ధకు ఎంపికయ్యే వారిలో నల్లవారు నూటికి 17 మంది నుండి 46 మందికి పెరుగుతారని లెక్క తేలినది. దవాఖానకు పోలేనివాడు ఖాతాలో ఆరోగ్యవంతుడే. ఈ మాట మన పేటకు ఎంత వర్తించునో మీకు తెలియును.

రక్తములోని సంగతి కూడ ఇట్టిదే. మనవాళ్లు తరతరాలుగా తమ కులములోనే పిల్లనిచ్చి పుచ్చుకొంటున్నారు. అందువలన కొన్ని గుణాలు కొన్ని సమూహాలలో పోగుపడును. తెలుగు దేశపు వైశ్యులలో బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అను ఒక ఎంజైము లోపము ఇతరులలో కంటె చాలా ఎక్కువగా ఉన్నదని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. మామూలుగా ఆ లోపము తెలియనే తెలియదు. కాని శస్త్రచికిత్సలో కండరాలను వదులు చేయుటకు ఇచ్చే ఒక మందు వారికి చాలాసేపు దిగదు, ఊపిరి ఆడటమే కష్టమగును. ముందుగా తెలిసిన వైద్యుడు వేరు మందు వాడును, ప్రాణము దక్కును. అమెరికా ఖాతాలు ఎన్ని చదివినా యంత్రమునకు ఈ సంగతి తెలియదు. హైదరాబాదులోని సీసీఎంబీ వంటి సంస్థలు కలిసి నడిపిన జీనోమ్ ఇండియా పథకములో దేశములోని 10,000 మంది జన్యుపటాలను సిద్ధము చేసి, 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులో ఉంచినారు. నూట నలభై కోట్లలో పది వేలు మొదటి పోగు మాత్రమే.

కాబట్టి మన లెక్క ఖాతాలోకి ఎక్కవలెను. ఇది నా మొదటి మనవి. ఎక్కవలెనంటే మనము దవాఖాన గడప తొక్కవలెను. రెండు వారాలు దాటిన దగ్గును దుమ్ము మీదకు, పొగాకు మీదకు నెట్టకండి. క్షయకు ప్రభుత్వము మందులు ఉచితముగా ఇస్తున్నది. పోషణకు నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుండి దానిని 1,000 చేసినారు. మందులను నడుమ విడిచిపెట్టకండి. నడుమ విడిచిన మందు క్రిమికి వ్యాయామము వంటిది, అది మరింత బలిసి మరల వచ్చును.

రెండవ మనవి. అడిగి వ్రాయించుకోండి. నేను బీడీ పని చేస్తాను, నేను సాంచెల మీద ఇన్ని ఏండ్లు ఉన్నాను, ఇన్ని వారాలుగా దగ్గు ఉన్నది అని చీటీ మీద పడవలెను. తెలుగు మాత్రమే వచ్చిన పెద్దవారి వెంట మరాఠీ చదివిన మనుమడో, మనుమరాలో పోవలెను. ఈ సంఘములో చదువుకొన్న యువకులు వారమునకు ఒక పూట దవాఖాన దగ్గర నిలిచి, తెలుగు మాటను మరాఠీలోకి మార్చి చెప్పితే, దానికి మించిన ఉగాది కానుక ఉండదు. ఇందుకు కంప్యూటరు అక్కరలేదు. పాత చీటీలను, ఎక్స్-రేలను పారవేయకండి.

మూడవ మనవి. ఇచ్చేటప్పుడు కండ్లు తెరిచి ఇవ్వండి. మన దేహపు లెక్క కూడ ఈనాడు ఒక సరుకే. 2021 నుండి ఆరోగ్యమునకు 14 అంకెల ఆభా సంఖ్యను ఇస్తున్నారు. అది ఐచ్ఛికము. మంచి పనికి వచ్చేదే, ఊరు మారినా మన వైద్య చరిత్ర మన వెంట వచ్చును. కాని ఎవరో బల్ల వేసుకొని కూర్చొని, బొటనవ్రేలు ఇక్కడ పెట్టమ్మా అంటే పెట్టకండి. ఎందుకు తీసుకొంటున్నారు, ఎవరికి ఇస్తారు అని అడగండి. సమ్మతి లేక సొంత వివరాలను వాడరాదని 2023లో పార్లమెంటు చట్టము చేసినది. పడుగు మనది, పేక మనది అయినప్పుడు, గుడ్డ ఎవరికి పోతున్నదో అడిగే హక్కు మనకు ఉన్నది.

చివరి మనవి పిల్లలకు. మీలో కొందరు పూనాలో, హైదరాబాదులో ఈ యంత్రాలకు చదువు చెప్పే ఉద్యోగాలే చేస్తున్నారు. మీ తాతలు అట్టలు కొట్టినారు, మీరు కూడ కొడుతున్నారు, పనిముట్టు మారినది. మీరు వ్రాసే లెక్కలో ఒక బీడీ కార్మికురాలు ఉన్నదా, లేదా అని ఒక్కసారి చూచుకోండి. లేకపోతే ఎందుకు లేదని పై అధికారిని అడగండి. ఇది డాక్టరు కోట్నీసు పుట్టిన ఊరు. ఆయన 1938లో చైనా పోయి, భాష తెలియని జనానికి వైద్యము చేసి, 1942లో అక్కడనే ప్రాణము విడిచినాడు. మీరు అంత దూరము పోనక్కరలేదు. మీ పేట దాకా వస్తే చాలును.

యంత్రము వచ్చును, ఇంకా గొప్పది వచ్చును. సుబ్బారావుగారు ఒక జీవితములో చేసిన వెదుకులాటను అది ఒక పూటలో చేయవచ్చును. కాని తోబుట్టువుల చావు చూచి, దీనికి మందు వెదకవలెనన్న తపన సుబ్బారావుగారిదే. ఆ తపన మనుష్యులకే కలుగును. మా అమ్మ మాటను బలహీనత అని వ్రాసిన చేతి పక్కన, ఆ మాటను తెలిసి వినే ఒక చెవి ఆ దినమున ఉండి ఉంటే, ఆమె ఇంక కొన్నేండ్లు మా మేడ మీదకు వచ్చి మనుమలను ఎత్తుకొని ఉండేది. ఆ చెవి మనము కావలెనని కోరుతున్నాను.